ఇనుప తాడు మీద కంబళి

గురప్ప గొలుసుకు మడి ఉంటుందని కురబలకోట చుట్టుపక్కల పల్లెల్లో ఒక ఎగతాళి. నవ్వుకునేవాళ్లను నవ్వుకోనివ్వండి గానీ, అందులో అబద్ధమేమీ లేదు. బురదలో దిగబడిన బండిని లాగడానికి ఆయన ట్రాక్టరు వచ్చిందంటే ముందు జనాన్ని తరిమే పని పెట్టుకునేవాడు. గొలుసు దాటకూడదు. తాడు మీద కాలు పెట్టకూడదు. తాడు ఎంత పొడుగుంటే దానికి రెండింతల దూరం పోయి నిలబడాలి. అంత దూరం పోతే ఏం కనబడుతుందని ఎవరైనా సణిగితే, "తమాషా సూడల్లంటే మదనపల్లెలో సినిమా హాలుండాది, ఆడికి పో" అనేవాడు.

అంతటితో అయ్యేదా? గొలుసులో లింకు లింకూ వేలితో తడిమేవాడు. తెగిన లింకు చోట బోల్టు బిగించిన గొలుసైతే చేత్తో కూడా ముట్టడు. ఒకసారి ముడిపడి విప్పిన ఇనుప తాడైతే, ఎంత కొత్తగా మెరుస్తున్నా సరే, పక్కన పారేసేవాడు. ట్రాక్టరు వెనకాల కిందుండే హుక్కుకే తగిలించాలి, పైన ఎక్కడ తగిలించినా ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుందని పోట్లాడేవాడు. చివరికి టూల్ బాక్సులోంచి రెండు గోనెసంచులు తీసి, నీళ్లలో బాగా నానబెట్టి, తాడుకు నట్టనడుమ వేసేవాడు. తాడు తెగితే ఆ బరువుకు కింద పడుతుంది, గాల్లోకి లేచి మనిషి మీదికి రాదు. అవన్నీ అయ్యాకే సీటెక్కి, తాడులో ఉన్న వదులంతా మెల్లగా తీసి, నిద్రపోయే బిడ్డను ఉయ్యాల్లోంచి ఎత్తుకున్నంత నిదానంగా లాగేవాడు.

ఇంత చాదస్తపు మనిషిని పుంగనూరు లారీలవాళ్లు కూడా వెతుక్కుంటూ వచ్చి పిలుచుకుపోయేవాళ్లంటే, ఆయన చేతి కింద ఒక్కరికి గోరు కూడా ఊడలేదు మరి. ఆ జాగ్రత్త ఎక్కడిదో ఊరందరికీ తెలుసు. తొంభై ఆరులో ఆయన సొంత తమ్ముడు రమణ, తాడు తెగి తగిలే పోయాడు. అప్పట్నుంచీ గురప్ప ఇట్లా అయిపోయాడని చెప్పుకునేవాళ్లు.

ఊరికి తెలిసింది అంతవరకే. తెలియంది ఒకటుంది. అది గురప్ప కడుపులో తొమ్మిదేళ్లు ఉండిపోయింది.

రమణ రెండేళ్లు కుప్పం దగ్గర గ్రానైటు క్వారీలో పనిచేసి వచ్చినవాడు. ఇనుప తాళ్లతో బండరాళ్లు లాగే ఆ పనిలో గంగులప్ప అనే ముసలి మేస్త్రి వాడికి గురువు. తాడు మీద బరువేదైనా కప్పాలనే సంగతి ఆ ముసలాయన దగ్గర నేర్చుకున్నదే. ఊరికి తిరిగొచ్చాక రమణ అన్నకు అదంతా పూసగుచ్చినట్టు చెప్పేవాడు. గురప్పకు అప్పట్లో అది వింతగా ఉండేది. "నువ్వూ నీ మేస్త్రీ" అని నవ్వేసేవాడు.

ఆ ఎండాకాలం చెరువులో మట్టి తోలుతున్నారు. రమణ తోలే బాడుగ ట్రాక్టరు పైకి ఎండినట్టుండి లోపల ఊబిగా ఉన్నచోట దిగబడింది. గురప్ప తన ట్రాక్టరు ముందుకు తెచ్చి పెట్టాడు. తాడు పుంగనూరులో పాతినుప సామాన్ల కొట్లో కొన్నది. నడుమ ఒకచోట ఎప్పుడో ముడిపడి విప్పిన గుర్తుగా చిన్న వంకర ఉంది. రమణ దాన్ని చూశాడు. "అన్నా, ఈడ దెబ్బతిన్యట్టుండాది. ఏదన్నా కప్పి లాగుదాం" అన్నాడు. చుట్టూ చూస్తే ఒక్క సంచి లేదు. గురప్ప సీటు వెనకాల మాత్రం మడతపెట్టిన నల్ల కంబళి ఉంది.

అది మామూలు కంబళి కాదు. వాళ్లు కురబలు, గొర్రెలు కాచేవాళ్లు. బీరప్ప వాళ్ల దేవుడు. పండగ ఏదైనా దీపం పెట్టేటప్పుడు దీపం కింద పరిచే కంబళి అది. దానిమీద ఎవరూ కూర్చోరు, కాలు తగలనివ్వరు. ఆ ఏడు దీపం వంతు వాళ్లింటిది కాబట్టి తోటలో బోరు కింద ఉతికి ఇంటికి తీసుకుపోతున్నారు. రమణ దాన్నే తెచ్చి తాడు మీద పరిచాడు. గురప్ప మొహం చూసి, "దేముని కంబళి మనిషి పానం కాపాడితే తప్పా అన్నా?" అని నవ్వి, పోయి తన ట్రాక్టరు ఎక్కి స్టీరింగు పట్టుకున్నాడు.

గురప్పకు ప్రాణం ఒప్పలేదు. దేవుడి కంబళికి నల్లటి గ్రీసు అంటుకుంటుంటే చూడలేకపోయాడు. ఇంటికి పెద్దవాడు తను, రేపు దేవుడి ముందు నిలబడాల్సింది తను. సీటు దిగి వచ్చి, కంబళి తీసి, కళ్లకద్దుకుని, మడిచి మళ్లీ సీటు వెనకాల పెట్టుకున్నాడు. రమణ అది చూశాడు. చూడకపోతే బాగుండేది. ఏదో అనబోయాడు. అన్నకు ఎదురు చెప్పడం వాడికి పుట్టుకతోనే రాదు. కొంచెం నవ్వి, సరే కానీ అన్నట్టు తలూపాడు.

తాడు తుపాకీ పేలినట్టు తెగింది. తెగిన కొస పోయి రమణ రొమ్ముకు తగిలింది. ఆస్పత్రి మొహం కూడా చూడకుండా, ఆ సీటులోనే పోయాడు.

రమణ పెళ్లాం తిమ్మక్క జుట్టు విరబోసుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. శవం మీద పడి ఏడ్చి ఏడ్చి, తలెత్తి బావను అడిగింది. "ఎప్పుడూ తాడు మింద ఏదో ఒకటి ఏస్తాడే బావా! ఈ పొద్దు యాల ఎయ్యలే?"

అప్పుడు చెప్పి ఉంటే ఏమయ్యేది? శాపనార్థాలు పెట్టేది, దుమ్మెత్తి పోసేది. అంతే కదా! కానీ గురప్ప నోట్లోంచి వచ్చిన మాట వేరు. "ఏసినాడమ్మా. మళ్లా వాడే తీసి పారేసినాడు, ఏం కాదులే అని."

ఒక్క మాట. నోరు జారితే మళ్లీ లోపలికి పోదు కదా అది. ఆ సాయంత్రానికి ఊరంతా అదే మాట అయింది.

తర్వాత తొమ్మిదేళ్లలో గురప్ప తిమ్మక్కకు చెయ్యని పని లేదు. తన చేను కన్నా ముందు ఆమె చేను దున్నేవాడు. ఆమె కొడుకు లోకేషుకు ట్రాక్టరు నేర్పించాడు. బావ దేవుడి లాంటోడు అని తిమ్మక్క పదిమందిలో చెప్పేది. ఆ మాట వెనకాలే చచ్చిపోయిన మొగుణ్ణి తిట్టేది. కరువులో గొర్రెలు అమ్ముకోవాల్సి వచ్చినప్పుడు తిట్టింది. గుడిసె కురిసినప్పుడు తిట్టింది. "రెండు నిమిషాలు ఓర్సుకోలేకపాయ పొగరుబోతు! నన్నూ బిడ్డనూ నట్టేట ముంచి పాయ!" అనేది. అది విన్నప్పుడల్లా గురప్ప లేచి బయటికి పోయేవాడు. రేపు చెబుదాం, పండగ పోయినాక చెబుదాం అనుకుంటూనే అన్ని పండగలు పోయాయి. పిరికితనానికి ఏం పేరు పెట్టినా పిరికితనమే కదా.

రెండు వేల అయిదులో, నాలుగేళ్ల కరువు తర్వాత, అక్టోబరులో వాన పట్టుకుంది. పట్టుకుంటే వదల్లేదు. దుమ్ము లేచే వాగులూ వంకలూ అన్నీ పారాయి. చెంగయ్య అనే రైతు తోటలో టమోటా మొదటి కోతకు వచ్చింది. ట్రేలన్నీ ట్రైలరుకెత్తి, మధ్యాహ్నానికి మదనపల్లె మార్కెట్టుకు బయలుదేరదీశాడు. ట్రాక్టరు తోలేది లోకేష్. ఇరవై ఏళ్లవాడు, అచ్చం వాళ్ల నాయనే. పక్కన మడ్‌గార్డు మీద తిమ్మక్క కూర్చుంది. దీపావళి దీపం ఆ ఏడు మళ్లీ వాళ్లింటి వంతే. వంక అవతల ఉన్న బీరప్ప గుడికి కంబళి చేర్చాలని ప్లాస్టిక్ కాగితంలో చుట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. తొమ్మిదేళ్ల కిందటి కంబళే అది.

వంక నడుమకు వచ్చేసరికి ట్రాక్టరు పెద్ద చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. లోకేష్ తల్లిని దించి అవతలి గట్టుకు పంపాడు. వెనకాలే మోపెడ్ మీద వచ్చిన చెంగయ్య, మోపెడ్ అక్కడే పడేసి, నీళ్లలో దిగి అరుస్తూ తనూ ఆ గట్టే చేరాడు. సరిగ్గా అప్పుడే గురప్ప, నాగలికి వెల్డింగు చేయించుకుని మదనపల్లె నుంచి ట్రాక్టరులో తిరిగి వస్తున్నాడు. చెంగయ్య ఎదురుపోయి ఆపాడు.

"దేముడు పంపినట్టు వస్తివి గురప్పా! పట్టు, పట్టు."

గురప్ప దిగి చూశాడు. మీద ఎక్కడో గట్టి వాన పడుతున్నట్టుంది, నీళ్లు ఎర్రగా పెరుగుతున్నాయి. గొలుసు ట్రాక్టరులో లేదు, ఇంట్లో ఉంది. ఉన్నది ఇనుప తాడు ఒక్కటే. దాన్ని కొస నుంచి కొస దాకా తడిమాడు. బాగానే ఉంది. బాగానే ఉందనుకున్న తాళ్లే తెగుతాయని ఆయనకు తెలుసు. తన ట్రాక్టరును వెనక భాగం వంక వైపు వచ్చేట్టు తిప్పి, హుక్కులు తగిలించి, సంచుల కోసం టూల్ బాక్సు తెరిచాడు. సంచులు లేవు. తెల్లారి ఈనిన గొర్రె కింద పరచడానికి భార్య తీసుకుపోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"సంచుల్లేవు చెంగయ్యన్నా" అన్నాడు.

"సంచుల్లేకపోతే నీ ట్రాక్టరు నడవదా? ఏం మడప్పా నీది! నాలుగేండ్లకు ఒక్క పంట కండ్ల సూసినా. ఈ పొద్దు అది వంక పాలైతాండాది. నువ్వు పట్టకుంటే సెప్పు, ఇంకోణ్ణి పిలుస్తా."

ఇంకొకడు వస్తాడు. వచ్చి తాడు తగిలించి ఒక్క గుంజు గుంజుతాడు. గురప్ప నీళ్ల అంచుకు పోయి కేకేశాడు. "లోకేషూ, దిగి వచ్చెయ్‌రా! బండి పోతే పోనీ!"

"స్టీరింగు వదిలితే అడ్డం తిరుగుతాది పెదనాయనా! నువ్వు లాగు. నాకేం గాదు!"

ట్రాక్టరు సీటు మీద వాడు తాడుకు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ముందు అద్దం లేదు, అడ్డం లేదు. తాడు తెగితే నేరుగా పోయేది వాడి మీదికే. గురప్ప గట్టు మీద చూశాడు. తుండుగుడ్డలు, తువ్వాళ్లు ఏం పనికొస్తాయి? బరువుండాలి, తడిస్తే తాడును కరుచుకోవాలి. తిమ్మక్క చేతిలో మూట ఉంది.

"అమ్మా, ఆ కంబళి ఇట్ల ఇయ్యి."

వాన తగలకుండా ట్రాక్టరులో పెడతాడేమో అనుకుని ఇచ్చింది. ఆయన కాగితం ఊడదీసి, కంబళిని వంక నీళ్లలో ముంచి, తీసుకుపోయి తాడు నడుమ పరిచాడు. సీటెక్కి ఇంజను స్టార్టు చేశాడు. వెనక్కి తిరిగి చూస్తే ఏముంది? తిమ్మక్క మోకాళ్లలోతు నీళ్లలో తాడు దగ్గర నిలబడి ఉంది. కంబళి తీసింది. నీళ్లు పిండింది. కళ్లకద్దుకుని, మడత పెడుతోంది.

"నీకు మతి పాయనా బావా! దీపం కింద పరిసేదాన్ని గ్రీసులో ఏస్తారా యాడన్నా? తప్పు, తప్పు!" అని చెంపలేసుకుంది.

అవి తిమ్మక్క చేతులు కావు, తన చేతులే అనిపించింది గురప్పకు. అంతే భక్తి, అంతే జాగ్రత్తగా మడత. తాడుకు అటు కొసన లోకేష్ అమ్మను చూశాడు, పెదనాయనను చూశాడు. కొంచెం నవ్వి, సరే కానీ అన్నట్టు తలూపాడు.

గురప్ప ఇంజను ఆపేశాడు. చెంగయ్య ఏదో అరుస్తున్నాడు, అది చెవికెక్కలేదు. దిగి నీళ్లలో నడిచి తిమ్మక్క ముందు నిలబడ్డాడు.

"ఆ పొద్దు గూడా ఇట్లనే తీసినారమ్మా దాన్ని."

"ఆయన తీసి పారేసింది నాకు తెల్దా? ఇప్పుడెందుకు ఆ మాట?"

"వాడు తియ్యలేదు. నేను తీసినా."

తిమ్మక్క మడత పెట్టడం ఆపింది.

"వాడు పరిసినాడు. నేను దిగొచ్చి తీసినా. ఇట్లనే కండ్లకద్దుకోని, మడిసి, నా సీటెనక పెట్టుకున్యా. వాడు సూసినాడు తిమ్మక్కా. నాకు ఎదురు సెప్పలేక తలూపినాడు, ఇప్పుడు నీ కొడుకు ఊపినట్టే. నువ్వు అడిగితే వాని మింద ఏసి సెప్పినా. నా తమ్ముడు పొగరుతో సావలే. నా మింద గౌరవంతో సచ్చినాడు."

ఆమె కొడుతుందనుకున్నాడు గురప్ప. కొడితే బాగుండుననుకున్నాడు. తిమ్మక్క ఆయన మొహం చూడలేదు. కంబళి మడతలు ఒక్కొక్కటే విప్పింది. మళ్లీ నీళ్లలో ముంచి, తన చేతులతోనే తాడు నడుమ పరిచి, రెండు పక్కలా సమంగా జారేట్టు సర్దింది. గట్టెక్కి, తాడుకు రెండింతల దూరం నడిచి, అప్పుడు వెనక్కి తిరిగింది.

"లాగు" అంది. బావా అనలేదు.

గురప్ప లాగాడు. క్లచ్చి మీద కాలు కొంచెం కొంచెంగా ఎత్తాడు. తాడు నీళ్లలోంచి లేచి, నీళ్లు కార్చుకుంటూ బిగిసింది. కంబళి దాన్ని పట్టుకుని వేలాడింది. చాలాసేపు ఏమీ కదల్లేదు. తర్వాత పెద్ద చక్రాలు ఇసుకలోంచి ఒక్కొక్క అంగుళమే బయటికి వచ్చాయి.

తాడు తెగలేదు. తెగి ఉంటే, చూశావా కంబళి వాణ్ణి కాపాడింది అని నలుగురూ అనుండేవాళ్లు, గురప్పకూ కొంచెం ఊరటగా ఉండేది. ఆ రోజు అదేమీ జరగలేదు. ట్రాక్టరు గట్టెక్కింది. చెంగయ్య వేరే డ్రైవరును పిలిపించి టమోటాను మార్కెట్టుకు పంపించుకున్నాడు. లోకేష్ మాత్రం దిగి, పెదనాయన పక్కకు రాకుండా, తల్లి పక్కన పోయి నిలబడ్డాడు.

తిమ్మక్క కంబళి తీసి చూసింది. నడుమ అడ్డంగా జానెడు వెడల్పున గ్రీసు మరక. దాన్ని భుజాన వేసుకుని, గుడి వైపు కాకుండా, ఆ గట్టునే ఉన్న వాళ్ల చేను వైపు తిరిగింది.

"నడువు" అంది గురప్పతో.

చేని గట్టున రమణను పూడ్చిన చోట మూడడుగుల రాయి పాతి ఉంది. వానకు చుట్టూ గడ్డి మొలిచింది. తిమ్మక్క అక్కడికి పోయి, పక్కకు జరిగి, గురప్పకు చోటిచ్చింది.

"సెప్పు."

"ఎవరికమ్మా?"

"ఆయప్పకే. నాకు సెప్తే ఏం సరిపోతాది? తొమ్మిదేండ్లు తిట్టినా నేను. అన్నం తింటా తిట్టినా, బిడ్డకు జరమొస్తే తిట్టినా. పొగరుతో సచ్చి నన్ను ఈ గతి పట్టిస్తివే అని, ఒకసారి ఈ రాయి మింద మన్నెత్తి పోసినా. మొగుడు పోయినాడని ఏడిసేదానికి గూడా లేకుండా సేస్తివి. ఎప్పుడు ఏడుపొచ్చినా దానికన్నా ముందు కోపమొస్తాండె. ఆ తిట్లన్నీ నీయి. ఆయప్పకు సెప్పి, తీసుకో."

గురప్ప రాయి ముందు కూలబడ్డాడు. మొదటిసారి తనకే వినబడనంత మెల్లగా గొణిగాడు.

"గట్టిగా సెప్పు. ఇనపడాల."

"రమణా" అన్నాడు గురప్ప. "కంబళి తీసింది నేనేరా. నువ్వు కాదు. నువ్వు పరిస్తివి, నేను తీస్తిని. తప్పంతా నాదిరా నాయనా."

వెనకాల నిలబడిన లోకేష్ తల తిప్పుకున్నాడు. తిమ్మక్క వచ్చి, భుజం మీది తడి కంబళిని గ్రీసు మరక పైకి కనబడేట్టు ఆ రాయికి కప్పింది. రెండు చేతులతో దాన్ని చుట్టేసి పట్టుకుంది.

"ఇంక తిట్టనులే అయ్యా" అంది.

రమణ పోయిన నాడు ఆమె ఏడ్చిందని, ఎంత ఏడ్చిందో అని ఊళ్లోవాళ్లు ఇప్పటికీ చెబుతారు. అప్పుడు ఆ ఏడుపంతా గురప్ప విన్నాడు. అందులో సగం కోపమే. ఈ పొద్దు ఆ రాయిని పట్టుకుని ఏడ్చిన ఏడుపులో కోపం లేదు. తొమ్మిదేళ్లు ఆలస్యంగా, తిమ్మక్క మొగుడి కోసం ఏడ్చింది.